ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ రెండూ తేలికే, సతాయించిందల్లా మధ్యలో ఇత్తడి ముక్క

మొత్తానికి గాలి లీకు బందయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు ఎవరైనా మట్టి బొమ్మలకో, మోడల్ కార్లకో మొదటి ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే, పెన్ను లాంటి బ్రష్) కొనాలనుకుంటే పనికొస్తుంది.

బ్రష్ ఎంచుకోవడం తేలిక. డ్యూయల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు), పైన కప్పు ఉండే గ్రావిటీ ఫీడ్, 0.3 మి.మీ. నాజిల్. వినాయకుడి కళ్లకూ అదే, తొండం మీద షేడింగ్‌కూ అదే. 0.2లో అక్రిలిక్ ఊరికే అడ్డం పడుతుంది. 0.5 ప్రైమర్ కొట్టేవాళ్లకు.

కంప్రెసర్‌కు ట్యాంకు ఉండాలి. ఆయిల్ అక్కర్లేని పిస్టన్, ఆరో వంతు హార్స్‌పవర్, 3 లీటర్ల ట్యాంకు, రెగ్యులేటర్, తేమ పట్టే ఫిల్టర్ ఉన్నది చాలు. ట్యాంకు లేనిది ఎంత చౌకగా వచ్చినా వద్దు. పిస్టన్ కొట్టినప్పుడల్లా గాలి అదిరి గీత తెగుతుంది, మోటారుకు విరామం ఉండదు, మన ఎండలకు ఇట్టే వేడెక్కుతుంది. ట్యాంకు ఉన్నది సుమారు 57 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర తానే ఆగి, 43కు పడ్డాక మళ్లీ అందుకుంటుంది.

నాది ఆగితే కదా! కిట్‌లో వచ్చే బ్రష్‌ల మీద నమ్మకం లేక బ్రష్, పైపు విడిగా, కంప్రెసర్ విడిగా తెప్పించా. రెగ్యులేటర్ మూతి పావు అంగుళం, పైపు నట్టు వన్ బై ఎయిట్, అంటే పేరుకు అంగుళంలో ఎనిమిదో వంతు. మధ్యలోకి అడాప్టర్ కంప్రెసర్ అమ్మినవాళ్లే పంపారు. దానికి పైపు నట్టు ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి పట్టేసింది. స్పానర్ వేసినా కదల్లేదు. బ్రష్ ముట్టుకోకపోయినా బుస్సుమని గాలి పోతూనే ఉంది.

ఫోన్ చేస్తే, "టెఫ్లాన్ టేపు ఎక్కువ చుట్టండి సార్, ఈ కంప్లయింట్ మీ ఒక్కరిదే" అన్నారు. చుట్టినా అంతే. వీడియో అడిగారు, పంపా. "మీకు బిగించడం రావట్లేదు సార్, ఎవరైనా మెకానిక్‌ను పిలిపించుకోండి" అని సలహా. ఇక్కడి హార్డ్‌వేర్ షాపులో వన్ బై ఎయిట్ నిపుల్ (రెండు కొసలా మర ఉన్న ముక్క) అడిగితే ఆయన నా ముక్కను టేపు పెట్టి కొలిచి, "గిది పది మిల్లీమీటర్లుంది. వన్ బై ఎయిట్ అంటే గింత సన్నగుంటది" అని అగ్గిపుల్ల తీసి చూపించాడు. పక్కనున్నోళ్లు నవ్వారు. పైపు మరల సైజు పేరుకే గానీ టేపు కొలతకు రాదు. వన్ బై ఎయిట్ బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత పైపు మర) బయటి వ్యాసం 9.7 మి.మీ., పావు అంగుళానిది 13.2. ఫిట్టింగులు అమ్ముకుని బతికేవాళ్లకు ఈ మాత్రం తెలియకపోతే ఎట్లా?

చిక్కు విప్పింది లేత్ మిషన్ ఆయన. "మర చూడకుంట బిగిస్తే బిగుస్తదా తమ్మీ?" అంటూ పిచ్ గేజ్ తీశాడు, అంగుళానికి ఎన్ని మరలో చూసే పళ్ల రేకుల కట్ట. బ్రష్ వాల్వు మర మీద 28 రేకు వెలుతురు కూడా దూరకుండా కూర్చుంది. అడాప్టర్ మీద అదే రేకు ఊగింది, 27 పెడితే పట్టింది. అంటే వాళ్లు పంపింది అమెరికా కొలత, ఎన్‌పీటీ. నా పైపుది బీఎస్‌పీ. అంగుళానికి ఒక్క మర తేడా, పైగా ఎన్‌పీటీ కొస నుంచి లావవుతూ పోతుంది. అందుకే నట్టు సగంలోనే పట్టేసి, దాని అడుగున ఉన్న రబ్బరు వాషర్ సీటుకు ఆనలేదు. ఎంత టేపు చుట్టినా ఆనదు. ఆయనే ఇత్తడి కడ్డీ తిప్పి ఒకవైపు పావు అంగుళం, ఇంకోవైపు వన్ బై ఎయిట్ బీఎస్‌పీ నిపుల్ కోసిచ్చాడు. ఇప్పుడు 27కూ 28కీ తేడా కంటితోనే చెప్పేస్తా, పందెం!

కాబట్టి డబ్బు కట్టకముందే "బీఎస్‌పీయా, ఎన్‌పీటీయా" అని మెసేజ్‌లో రాయించుకోండి. "అన్నిటికీ పడుతుంది సార్" అనేవాడి దగ్గర కొనకండి. బ్రష్ కంపెనీల్లో ఇవాటాది వన్ బై ఎయిట్ బీఎస్‌పీ. బ్యాడ్జర్, పాష్‌లవి వేరే మరలు, వాటికి వేరే అడాప్టర్ కావాలి. టేపు రెగ్యులేటర్ వైపు మరకే, బిగించే దిక్కున మూడు చుట్లు, మొదటి మర వదిలేసి. లేకుంటే తునకలు గాలితో పోయి బ్రష్ వాల్వులో ఇరుక్కుంటాయి. రబ్బరు వాషర్ ఉన్న నట్టుకు టేపు వద్దు. తర్వాత సబ్బు నురగ రాసి చూడండి, బుడగ లేచిన చోటే లీకు.

మిగతావి చిన్నవి. ప్రెషర్ 15 నుంచి 25 పీఎస్‌ఐ, ట్రిగ్గర్ నొక్కి గాలి పోతుండగానే సెట్ చేయాలి. ఊరికే ఉన్నప్పుడు చూసిన అంకె నొక్కగానే పడిపోతుంది. కప్పులో బుడగలొస్తే నాజిల్ వదులైనా అయ్యుండాలి, చీలైనా ఉండాలి. బలంగా బిగించారా, సన్నని మర తెగి లోపలే ఉండిపోతుంది. కడిగాక చివరిసారి మన బోరు నీళ్లు వద్దు, ఆరితే సూది మీద తెల్లగా ఉప్పు కడుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ చాలు. పని అయ్యాక ట్యాంకు కింది స్క్రూ విప్పి నీళ్లు వదిలేయాలి, వానాకాలమైతే మరీ. ఇంకో నాజిల్, సూది బ్రష్‌తో పాటే ఆర్డర్ పెట్టండి, ఇక్కడి షాపుల్లో దొరికేవి కావు.