ఫ్రిస్కోనా, కమింగా: న్యూజెర్సీ నుంచి ఇల్లు మార్చే ముందు వేసుకున్న లెక్కలు

న్యూజెర్సీ నుంచి దక్షిణాదికి వెళ్దామని తేల్చుకున్నాక మా ముందు రెండే ఊళ్లు మిగిలాయి. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, అట్లాంటాకి ఉత్తరాన కమింగ్. కంపెనీకి రెండు వైపులా ఆఫీసులున్నాయి, జీతం మారదు. ఎవరిని అడిగినా "టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, ఇంకేం ఆలోచన?" అనో, "అట్లాంటా పచ్చగా ఉంటుంది, వాతావరణం హాయి" అనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండు మాటలూ నిజమే గానీ వాటితో ఏదీ తేలదు. ఫలానా అడ్రసు చేతిలో పెట్టుకుని, ఈ ఇంటికి ఏడాదికి ఎంతవుతుంది, ఈ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్తారు, ఈ ఇంటి కింద మట్టి ఎలాంటిది అని అడిగితేనే అసలు తేడాలు బయటపడతాయి.

ఇంటికంటే ముందు వీసా కాగితాలు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఒక మెట్రో ఏరియా నుంచి ఇంకో దానికి పని చోటు మార్చుకుంటే కంపెనీ కొత్త ఎల్‌సీఏ (జీతం, పని చోటు గురించి కార్మిక శాఖ దగ్గర తీసుకునే ధ్రువీకరణ) తీసుకుని అమెండెడ్ పిటిషన్ వేయాలి. 2015లో ఇమిగ్రేషన్ శాఖ సిమియో కేసులో నిర్ణయం ఇచ్చాక ఇందులో అనుమానానికి తావు లేదు. పిటిషన్ దాఖలయ్యాకే కొత్త చోట పని మొదలుపెట్టాలి, అప్రూవల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. పూర్తిగా ఇంటి నుంచే పని అయినా ఇదే రూలు, ఎందుకంటే ఆ ఇల్లే వర్క్‌సైట్ అవుతుంది. గ్రీన్ కార్డుకి మొదటి మెట్టైన పెర్మ్ (కార్మిక శాఖ అనుమతి) కూడా చోటుకి ముడిపడి ఉంటుంది. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయి, ఐ-485 (చివరి గ్రీన్ కార్డు అప్లికేషన్) ఇంకా వేయనివాళ్లకి కొత్త ఊళ్లో మళ్లీ పెర్మ్ కావాల్సి రావచ్చు. క్యూలో మన స్థానం చెప్పే పాత ప్రయారిటీ డేట్ మాత్రం చేతిలోనే ఉంటుంది. "కొత్త పెర్మ్ మీరే వేస్తారా, ఎప్పుడు మొదలుపెడతారు?" అని కంపెనీని మెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకున్నాకే మేం ఇళ్లు చూడటం మొదలుపెట్టాం. రిలొకేషన్ డబ్బు ఇస్తామంటే అది జీతం కింద టాక్స్ పడే డబ్బు అని గుర్తుంచుకోవాలి. ఆ టాక్స్ కంపెనీయే భరించేలా గ్రాస్-అప్ అడగాలి. అడగకుండా ఎవరూ ఇవ్వరు.

ఇక డబ్బు లెక్క. భార్యాభర్తలిద్దరి ఆదాయం 2 లక్షల డాలర్లు, ఇద్దరు పిల్లలు, 6 లక్షల ఇల్లు అనుకుందాం. జార్జియాలో 2025కి ఇన్‌కమ్ టాక్స్ అందరికీ ఒకటే రేటు, 5.19 శాతం. జాయింట్‌గా ఫైల్ చేస్తే 24,000 స్టాండర్డ్ డిడక్షన్, పిల్లకి 4,000 చొప్పున తీసేస్తే 1,68,000 మీద సుమారు 8,700 అవుతుంది. అక్కడ ఇంటి విలువలో 40 శాతం మీదే ప్రాపర్టీ టాక్స్ వేస్తారు. రేటు 25 మిల్స్ (వెయ్యి డాలర్లకి 25) అనుకుంటే 2,40,000 మీద 6,000. రెండూ కలిపి 14,700.

ఫ్రిస్కోలో ఇన్‌కమ్ టాక్స్ సున్నా. సిటీ, కౌంటీ, కాలేజీ, స్కూలు రేట్లన్నీ కలిపి 1.7 శాతానికి అటూఇటూగా ఉంటుంది. సొంతంగా ఉండే ఇల్లయితే స్కూల్ టాక్స్ లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 తగ్గిస్తారు. 2023లో లక్షకి పెంచిన ఈ మినహాయింపుని 2025లో ఇంకా పెంచారు. అన్నీ పోను దాదాపు 8,600 కట్టాలి. అంటే చూడగానే టెక్సాస్‌కి 6,000 లాభం.

ఆ 6,000లో మిగిలేది సగం కూడా కాదు. ఒకే ధర ఇళ్లకి మాకు వచ్చిన ఇన్సూరెన్స్ కొటేషన్లలో టెక్సాస్‌ది జార్జియాకి ఇంచుమించు రెట్టింపు. వడగళ్లే కారణం. డాలస్ నార్త్ టోల్‌వే, 121 మీద రోజూ తిరిగితే టోల్ వేరే. పైగా 2025 నుంచి స్టేట్, లోకల్ టాక్సుల ఫెడరల్ డిడక్షన్ పరిమితి 10,000 నుంచి 40,000కి పెరగడంతో, ఐటమైజ్ చేసేవాళ్లకి (స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు విడివిడిగా చూపేవాళ్లకి) జార్జియాలో కట్టినదాంట్లో కొంత వెనక్కి వస్తుంది. ఇదే ఇల్లు, ఆదాయం 1,20,000 అయితే జార్జియా ఇన్‌కమ్ టాక్స్ 4,600 లోపే. అప్పుడు టెక్సాస్ లాభం 2,000 కూడా ఉండదు, దాన్ని ఇన్సూరెన్స్ మింగేస్తుంది. ఆదాయం 3,50,000 అయితే తేడా 13,000 దాటుతుంది. జీతం పెద్దదై ఇల్లు ఓ మాదిరిదైతే టెక్సాస్, జీతం ఓ మాదిరిదై ఇల్లు పెద్దదైతే జార్జియా. మా ఎక్సెల్ షీటు చివరికి చెప్పింది ఇదే.

ఒక్కసారి పడే ఖర్చులు జార్జియాలోనే ఎక్కువ. లోన్ మీద ప్రతి 500కి 1.50 చొప్పున ఇంటాంజిబుల్ టాక్స్ ఉంటుంది, 4,80,000 లోన్‌కి 1,440. బయటి నుంచి తెచ్చే కార్ల మీద వాటి విలువలో 3 శాతం కట్టాలి. టెక్సాస్‌లో కొత్తగా వచ్చినవాళ్లకి కారుకి 90 డాలర్లతో సరి.

ఇప్పుడు అడ్రసు సంగతి. ఫ్రిస్కో అని రాసున్న ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్)లోనే ఉండాలని లేదు. ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ ఐఎస్‌డీల్లోకీ వస్తుంది. సిటీ కొంత కాలిన్ కౌంటీ, కొంత డెంటన్ కౌంటీ. అట్లాంటా వైపు కూడా అంతే. సువానీ అడ్రసుతో ఉన్న ఇల్లు గ్విన్నెట్ కావచ్చు, ఫోర్సైత్ కావచ్చు. కమింగ్ అడ్రసులు చాలావరకు సిటీ హద్దు బయట, ఫోర్సైత్ కౌంటీలో ఉంటాయి. జాన్స్ క్రీక్, ఆల్ఫారెట్టా సిటీలు ఫుల్టన్ కౌంటీ, కానీ ఆల్ఫారెట్టా అడ్రసున్న కొన్ని ఇళ్లు ఫోర్సైత్‌లో ఉంటాయి. ఇళ్ల వెబ్‌సైట్లలో చూపించే స్కూలు పేరుని నమ్మకూడదు. స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ల సొంత లొకేటర్‌లో ఇంటి నంబరుతో సహా కొట్టి చూడాలి. కొత్త సబ్‌డివిజన్ అయితే వచ్చే ఏడాది బౌండరీ మారుస్తారా అని ఫోన్ చేసి అడగాలి.

డాలస్ ఉత్తరాన కొత్త ఇళ్లలో మడ్, పిడ్ అని రెండుంటాయి. నీళ్లు, డ్రైనేజీ, రోడ్లు వేయడానికి తెచ్చిన అప్పుని ఇళ్లవాళ్ల దగ్గర రాబట్టే ఏర్పాట్లివి. మడ్ టాక్స్ బిల్లులో రేటుగా కనిపిస్తుంది. పిడ్ విడిగా వచ్చే అసెస్‌మెంట్, లిస్టింగ్‌లో చాలాసార్లు కనపడదు. సెలీనా, ఆబ్రీ వైపు చవగ్గా కనిపించే ఇళ్లలో ఇవి కలిస్తే మొత్తం రేటు 2 శాతం దాటిపోతుంది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే అమ్మేవాళ్లు వీటి నోటీసు ఇవ్వాలి. అది చేతికొచ్చి చదివాకే సంతకం.

కొత్త ఇల్లు కొనేవాళ్లని ఎక్కువగా దెబ్బతీసేది ఎస్క్రో, అంటే టాక్సు, ఇన్సూరెన్సు కోసం లోన్ కిస్తీతో పాటు లెండర్ నెలనెలా తీసుకునే డబ్బు. టెక్సాస్‌లో టాక్స్ జనవరి 1న ఉన్న స్థితిని బట్టి వేస్తారు. ఆ రోజుకి అక్కడ ఖాళీ స్థలమే ఉంటే, ఆ ఏడాది టాక్సు స్థలానికే. స్థలం విలువ 1,20,000, రేటు 2.2 శాతం అయితే 2,640. లెండర్ దాన్నే చూసి నెలవారీ ఎస్క్రో కడితే మొదటి ఏడాది చల్లగా ఉంటుంది. మరుసటి ఏడాది 6 లక్షల ఇంటికి, మినహాయింపు పోను, 11,500 బిల్లు వస్తుంది. తగ్గిన దాదాపు 8,900నీ పన్నెండు నెలల్లో రాబడుతూ, కొత్త రేటుకి తగ్గట్టు ఎస్క్రోని కూడా పెంచుతారు. నెల కిస్తీ 1,400 పైన పెరుగుతుంది. అందుకే పూర్తి విలువ మీదే ఎస్క్రో లెక్కకట్టమని క్లోజింగ్‌కి ముందే లెండర్‌ని అడగాలి. కాదంటే ఆ తేడాని మనమే నెలనెలా పక్కన పెట్టుకోవాలి.

ఫ్రిస్కో కింద ఉన్నది అచ్చంగా మన నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది. దాని మీద బేస్‌మెంట్ లేకుండా కాంక్రీటు స్లాబ్ పోసి ఇల్లు కడతారు. ఎండాకాలంలో గోడ పక్క మట్టి ఎండి స్లాబ్‌కి దూరం జరిగితే ఇంటి అంచు కుంగుతుంది, మధ్యభాగం నిలబడుతుంది. తలుపు పైమూల నుంచి వాలుగా పాకే బీట, సరిగా పట్టని గొళ్లెం, బయట ఇటుకల్లో మెట్లుమెట్లుగా దిగే చీలిక, ఇవీ గుర్తులు. ఇల్లు చూసేటప్పుడు ప్రతి తలుపునీ సగం తెరిచి వదిలేయాలి. దానంతటది కదిలితే గమనించాలి. ఇన్‌స్పెక్టర్ అనుమానపడితే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి గదిగదికీ ఎత్తుల కొలత తీయించాలి. ఫౌండేషన్ కంపెనీ ఉచితంగా ఇచ్చే రిపోర్టు మీద ఆధారపడొద్దు, వాళ్లు రిపేరు అమ్ముకునేవాళ్లు. టెక్సాస్ కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ ఉంటుంది, కొద్దిపాటి ఫీజు కట్టి సాధారణంగా వారం పది రోజులు తీసుకుంటారు. ఆ లోపల కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. ఈ కొలతలన్నీ ఆ గడువులోనే పూర్తవ్వాలి. కొన్నాక గోడకి అడుగున్నర దూరంలో సన్నగా నీరు ఊరే సోకర్ హోస్ పరిచి ఎండాకాలమంతా మట్టిలో తేమ ఒకేలా ఉంచడం అక్కడ ఇంటి పనుల్లో భాగం.

రూఫ్ పాలసీలో రెండు చూడాలి. వడగళ్ల డిడక్టిబుల్ ఇంటి కవరేజీలో శాతంగా ఉంటుంది, 5 లక్షల కవరేజీకి 2 శాతం అంటే 10,000 మన జేబులోంచే. రూఫ్‌కి కొత్తది వేసే ఖర్చు ఇస్తారా, అరుగుదల తీసేసి ఇస్తారా అన్నది రెండోది. పాత రూఫ్ ఉన్న ఇంటికి ఈ రెండో తేడా వేలల్లో ఉంటుంది.

జార్జియాది ఎర్రమట్టి, వాలు నేల, చుట్టూ పైన్ చెట్లు. వాలు వల్లే అక్కడ బేస్‌మెంట్లు వస్తాయి, అమ్మానాన్నలు వచ్చి ఉండటానికి ఆ చోటు ఎంతో వీలు. కాకపోతే బేస్‌మెంట్‌లో తేమ, నేలలోంచి వచ్చే హానికర వాయువు రేడాన్ పరీక్షించాలి. చెదల బాండ్ (చెదల కంపెనీ ఇచ్చే గ్యారంటీ) ఉందా, కొనేవాళ్ల పేరు మీదకి మారుతుందా అని అడగాలి. ఇంటి మీదకి వంగిన చెట్టు ఉంటే కొట్టించే ఖర్చు ధరలో తగ్గించమని బేరమాడాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పసుప్పచ్చని పుప్పొడి కార్ల మీద పొరలా పేరుకుంటుంది, ఆస్తమా ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఎండ సంగతికొస్తే డాలస్‌తో పోలికే లేదు. 2023లో అక్కడ 55 రోజులు 100 ఫారెన్‌హీట్ తాకాయి, 2011లో 71 రోజులు.

పిల్లల చదువు దగ్గర వీసా మళ్లీ అడ్డొస్తుంది. జార్జియాలో హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌లు పబ్లిక్ యూనివర్సిటీ ట్యూషన్ భారాన్ని దాదాపు తీసేస్తాయి. మొదటిదానికి 3.0 జీపీఏ, రెండోదానికి 3.7తో పాటు శాట్ లేదా ఏసీటీ స్కోరు కావాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకి, గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఇది గొప్ప వరం. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి మాత్రం రాదు. టెక్సాస్‌లో అలాంటి స్కాలర్‌షిప్ లేదు గానీ, 12 నెలలు స్థిరంగా ఉన్న హెచ్-4 కుటుంబాల పిల్లలకి ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుంది. స్కూల్లో టాప్ 10 శాతానికి స్టేట్ యూనివర్సిటీల్లో నేరుగా సీటు ఇచ్చే చట్టం ఉంది. యూటీ ఆస్టిన్‌కి 2026 ఫాల్ నుంచి అది 5 శాతం. 500 మంది క్లాసులో 25 మంది అన్నమాట. ఫ్రిస్కో స్కూళ్లలో ఆ పాతికలో ఉండటం ఎంత కష్టమో అక్కడి తల్లిదండ్రులకి తెలుసు. పైగా ఆ హామీ యూనివర్సిటీకే, కంప్యూటర్ సైన్స్ సీటుకి కాదు. నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లకి జార్జియాలో ఆదాయంతో పనిలేని ఉచిత ప్రీ-కె ఉంది, సీట్లు సాధారణంగా లాటరీలో ఇస్తారు. జార్జియా బడులు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, న్యూజెర్సీలో జూన్ చివరిదాకా నడుస్తాయి. మధ్యలో మిగిలేది ఐదారు వారాలే. టీకాలకి 3231, కళ్లు, చెవులు, పళ్ల పరీక్షకి 3300 అని రెండు జార్జియా ఫారాలు కావాలి. బయలుదేరే ముందే పాత డాక్టర్ దగ్గర రికార్డులన్నీ తీసుకుంటే ఆ తొందరలో పని తేలికవుతుంది.

మిగతావి మాకు పెద్దగా తూకం మార్చలేదు. కమింగ్ నుంచి అట్లాంటా నగరంలోకి 400 హైవే ఒక్కటే పెద్ద రోడ్డు, మంగళవారం పొద్దున ఏడున్నరకి నడిపి చూస్తే అంతా అర్థమవుతుంది. గుడులు, మనబడి తరగతులు రెండు చోట్లా ఉన్నాయి. డాలస్‌లో తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్ల సాహిత్య సభ 'నెల నెలా తెలుగు వెన్నెల', అట్లాంటాలో తెలుగు సంఘం తామా వాళ్ల ఉచిత క్లినిక్ మనవాళ్లు గర్వపడాల్సిన పనులు. హైదరాబాద్‌కి ఖతార్ ఎయిర్‌వేస్‌లో రెండు ఊళ్ల నుంచీ ఒక్క మార్పుతో వెళ్లొచ్చు, డాలస్ నుంచి ఎమిరేట్స్ కూడా ఉంది. ఇండియన్ కాన్సులేట్ అట్లాంటాలోనే ఉంది, టెక్సాస్‌వాళ్లు హ్యూస్టన్ పరిధి.

మేం ఫ్రిస్కో ఎంచుకున్నాం. పెద్దమ్మాయి హైస్కూల్లో, హెచ్-4 మీద ఉంది కాబట్టి హోప్ మాకు అందదు. ఉద్యోగం పోతే హెచ్-1బికి దొరికే గడువు 60 రోజులే. ఆ లోపల ఇంకో కంపెనీ దొరకాలంటే ప్లేనో, లాస్ కొలీనాస్, వెస్ట్‌లేక్ అన్నీ ఇంటి నుంచి డ్రైవ్ చేసుకునే దూరంలో ఉండటం మాకు ఎక్కువ ధైర్యం. సిటీ హద్దు లోపల, మడ్, పిడ్ లేని, కొంచెం పాత ఇల్లు తీసుకున్నాం. పిల్లలు అమెరికాలోనే పుట్టి, జీతం ఒక్కరిదే అయితే కమింగ్ వైపే మొగ్గేవాళ్లం.

సామాను కంపెనీతో "బైండింగ్, నాట్ టు ఎక్సీడ్" (చెప్పినదానికంటే ఎక్కువ తీసుకోం) అని రాసిన ఎస్టిమేట్ తీసుకోవాలి. వాళ్లకి రవాణా శాఖ ఇచ్చిన యూఎస్‌డాట్ నంబరు ప్రభుత్వ సైట్‌లో చూసుకోవాలి. ఉచితంగా వచ్చే రక్షణ పౌండుకి 60 సెంట్లే. 40 పౌండ్ల టీవీ పగిలితే చేతికొచ్చేది 24 డాలర్లు. ఫుల్ వాల్యూ తీసుకోవడమే మేలు.

టెక్సాస్ చేరాక పది రోజుల్లో ఏఆర్-11 (ఇమిగ్రేషన్‌ శాఖకి కొత్త అడ్రసు తెలిపే ఫారం), 30 రోజుల్లో కారు రిజిస్ట్రేషన్, 90 రోజుల్లో డ్రైవింగ్ లైసెన్స్. కరెంటు కంపెనీని చాలాచోట్ల మనమే ఎంచుకోవాలి. సరిగ్గా 1,000 యూనిట్లు దాటితేనే క్రెడిట్ ఇచ్చే ప్లాన్లు పైకి చవగ్గా కనిపిస్తాయి, 990 వాడితే బిల్లు ఎగిరిపోతుంది. ప్లాన్‌తో ఇచ్చే ఫ్యాక్ట్స్ లేబుల్‌లో 500, 1,000, 2,000 యూనిట్ల ధరలున్న మూడు గడులూ చూడాలి. కొత్త ఇంటి అడ్రసుతో లైసెన్స్ రాగానే ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే మినహాయింపు) అప్లికేషన్ వేయాలి. దానికి ఫీజు లేదు, డబ్బు అడుగుతూ వచ్చే ఉత్తరాలు ప్రైవేటు వాళ్లవి. ఏటా వసంతంలో వచ్చే విలువ నోటీసు మీద మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లో, ఏది తర్వాతైతే అప్పటిదాకా ప్రొటెస్ట్ చేయొచ్చు. కొన్న ధర వాళ్ల విలువకంటే తక్కువైతే క్లోజింగ్ స్టేట్‌మెంట్, బీటల ఫోటోలు, రిపేరు కొటేషన్లు జతచేయాలి. ఎక్కువైతే ఆ ధర చెప్పాల్సిన పనిలేదు, టెక్సాస్ చట్టం అడగదు.