నాంటహాలా నదిలో పిల్లల కయాక్ పాఠాలు

అమెరికాలోని నార్త్ కరోలినాలో, మేముండే షార్లెట్ నుంచి యాష్‌విల్ మీదుగా పడమటికి వెళ్ళి, సిల్వా, బ్రైసన్ సిటీ దాటితే రోడ్డు నాంటహాలా లోయలోకి దిగుతుంది. ఒకపక్క రోడ్డు, మధ్యలో నది, రెండో పక్క రైలు పట్టాలు. కొండలు ఎంత నిటారుగా ఉంటాయంటే, ఎండ లోయ అడుగుకి చేరేసరికి బాగా పొద్దెక్కిపోతుంది. ఈ జూన్‌లో మా అమ్మాయి చేరిన కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) సమ్మర్ క్యాంప్ ఇక్కడే. వ్యాన్ నడపడానికి తల్లిదండ్రులెవరైనా రాగలరా అని వాళ్ళు అడిగితే, ఆఫీసుకి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. పిల్లలు నదిలో దిగిన చోటు నుంచి ఒడ్డెక్కే చోటికి వ్యాన్ తీసుకెళ్ళడం నా పని. రోడ్డు నదిని అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి దారిలో ఆపుకుని చూడొచ్చు. కడుపునిండా చూశాను.

నార్త్ కరోలినా పడమటి కొండల్లో పిల్లల క్యాంపులకు వందేళ్ళ చరిత్ర ఉంది. ఫ్రాంక్ బెల్ అనే ఆయన 1922లో మొండామిన్ క్యాంపు పెట్టాడు. ఫ్రెంచ్ బ్రాడ్ నదిలో ఒక పెద్ద రాపిడ్‌ని, అంటే రాళ్ళ మధ్య నీళ్ళు నురగలు కక్కుతూ వడిగా దూకే చోటుని, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1972లో నాంటహాలా అవుట్‌డోర్ సెంటర్ మొదలయ్యాక ఈ లోయ కయాక్ నేర్చుకునేవాళ్ళ అడ్డా అయింది. మా షార్లెట్‌లోనూ 2006లో తెరిచిన వైట్‌వాటర్ సెంటర్ ఉంది, పంపులతో నీళ్ళు తోడి కాంక్రీటు కాలువల్లో వదులుతారు. బాగుంటుంది. కానీ పిల్లలకు నది గుణం తెలియాలంటే నది దగ్గరికే తీసుకెళ్ళాలని నా నమ్మకం.

క్యాంపు వాళ్ళు మొదట్లో నది దరిదాపులకే పోనివ్వలేదు. ఫాంటానా సరస్సుకి తీసుకెళ్ళారు. నాంటహాలా చివరికి వెళ్ళి కలిసేది అందులోనే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కట్టిన డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళవి. పిల్లలు తెడ్డు సరిగ్గా పట్టుకోవడం కూడా రాకముందే, వాళ్ళకి బోల్తాపడటం నేర్పారు.

కయాక్‌లో నడుము దాకా స్ప్రే స్కర్ట్ బిగించి ఉంటుంది, నీళ్ళు లోపలికి రాకుండా. పడవ తిరగబడితే మనిషి తలకిందులుగా నీళ్ళలో ఉండిపోతాడు. అప్పుడు ముందుకు వంగి, చేతులు పైకి చాపి, పడవ అడుగు మీద మూడుసార్లు గట్టిగా కొట్టాలి. తర్వాత చేతుల్ని అంచు వెంబడి ముందుకు జరిపి, స్కర్ట్‌కున్న పట్టీ లాగి, ప్యాంటు విప్పినట్టు పడవలోంచి జారి బయటికి రావాలి. ఆ మూడు దెబ్బలు ఎందుకని ఒక పిల్ల అడిగింది. పక్కవాళ్ళకి తెలియడానికి, పైగా నీకు ఇంకా బోలెడు టైమ్ ఉందని నీకే తెలియడానికి అంది ఇన్‌స్ట్రక్టర్. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో ఆ అమ్మాయికి. ఆ జవాబు నాకు ఎంత నచ్చిందో! “ఏం కాదులే, దిగు” అని ఒక్కసారి కూడా అనలేదు. ఏమవుతుందో చెప్పింది, అయినప్పుడు ఏం చెయ్యాలో చెప్పింది, నడుముల్లోతు నీళ్ళలో పడవ పక్కనే నిలబడింది.

ఆ రాత్రి ఫోన్‌లో మా అత్తగారు, “దాని జాతకంలో జలగండం ఉందని పంతులుగారు చెప్పలేదూ? నీళ్ళ జోలికి ఎందుకు తీసుకెళ్ళావమ్మా?” అన్నారు. ఆవిడది కొవ్వూరు. గోదారి ఎంతమందిని తీసుకుపోయిందో చూసిన మనిషి. ఆవిడ భయాన్ని తీసిపారెయ్యలేను. మన దగ్గర ఎండాకాలం సెలవుల్లో చెరువులోనో, కాలవలోనో, ఏటిపాయలోనో పిల్లలు మునిగిపోయిన వార్త లేని ఏడాది ఉండదు. చాలాసార్లు ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు. అందుకే ఈ క్యాంపులో మర్నాడు ఒడ్డున చెప్పిన పాఠం నా మనసులో నాటుకుపోయింది. ఎవరైనా నీళ్ళలో కొట్టుకుపోతుంటే ముందు చెయ్యో తెడ్డో అందించు. అందకపోతే తాడు విసురు. అదీ కుదరకపోతే పడవలో వెళ్ళు. దూకడం చిట్టచివరి మాట. తాడు కూరిన చిన్న సంచీలు ఇచ్చి గడ్డి మీద అందరిచేతా విసిరించారు, చేతులు నొప్పులు పుట్టేదాకా. ఇది మన బడుల్లో ఎందుకు లేదు? తాడుకి ఎంత ఖర్చవుతుంది?

టకసీజీ నదిలో ఒక పూట మెత్తటి రాపిడ్‌లలో తిప్పారు. డిల్స్‌బరో దగ్గరి పాత డ్యామ్‌ని 2010లో తీసేశాక అక్కడ నది మళ్ళీ స్వేచ్ఛగా పారుతోంది. ఆ తర్వాతే నాంటహాలా.

ఈ నది నీళ్ళు పై సరస్సు నుంచి సొరంగం గుండా పవర్‌హౌస్‌కి వచ్చి, అక్కడ కరెంటు తీశాక కిందికి వదిలినవి. ఎప్పుడు వదులుతారో ముందే ప్రకటిస్తారు. సరస్సు లోతుల్లోంచి వస్తాయి కాబట్టి నడివేసవిలోనూ పది డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి. పొద్దున్నే నది మీద తెల్లగా పొగమంచు. పిల్లలు వెట్‌సూట్లు తొడుక్కుని కాళ్ళు పెట్టగానే కెవ్వుమన్నారు. అక్కణ్ణుంచి ఒడ్డెక్కే చోటు వెస్సర్ దాకా ఎనిమిది మైళ్ళు. దిగీదిగగానే ప్యాటన్స్ రన్ అనే రాపిడ్ వస్తుంది, అంటే నింపాదిగా అలవాటు పడే వ్యవధి ఉండదు.

పెద్ద బండ వెనక నీరు వెనక్కి తిరిగి నెమ్మదిగా ఉండే చోటుని ఎడ్డీ అంటారు. కయాక్ విద్యలో సగం ఆ ఎడ్డీలోకి చేరడం, అందులోంచి మళ్ళీ వడిలోకి రావడం. వడిలోకి వచ్చేటప్పుడు పిల్లలందరూ ఒక్కలాగే తిరగబడ్డారు. నీళ్ళు ఎదురొచ్చేసరికి భయంతో ఎగువ వైపు ఒరుగుతారు, ప్రవాహం ఆ అంచుని పట్టి లాగేస్తుంది. కదిలే బస్సెక్కేవాడు బస్సు పోయేవైపే ఒరిగినట్టు ఇక్కడా దిగువకే ఒరగాలి. మా అమ్మాయి మళ్ళీ మళ్ళీ పడింది. ప్రతిసారీ ఇన్‌స్ట్రక్టర్ పడవ ముక్కు దాని చేతికి అందేది. దాన్ని పట్టుకుని, నడుము విదిలించి, తల ఆఖర్న పైకెత్తి లేవాలి. ప్రాణం మాత్రం తలే ముందు లేపమంటుంది! నేను రోడ్డు పక్క రెయిలింగు పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఎప్పటికో ఒకసారి పడవ ఒరిగి, నిలిచి, వడిలో అందంగా తిరిగి దిగువకి సాగింది. రోడ్డు మీద నుంచే గట్టిగా అరిచాను. అది వినిపించుకోలేదు, తర్వాతి ఎడ్డీ వెతుక్కుంటోంది.

చివర్లో నాంటహాలా ఫాల్స్, ఈ ఎనిమిది మైళ్ళలోకీ పెద్ద రాపిడ్. దానికి ముందే అందర్నీ ఒడ్డెక్కించి, నడిపించి, దారి చూపించారు. ఎటు వెళ్ళకూడదో వేలు పెట్టి చూపించరు, ఎటు వెళ్ళాలో అటే చూపిస్తారు. చూపు ఎటుంటే పడవ అటే పోతుంది కాబట్టి. ఒక కుర్రాడు నేను దిగనన్నాడు. బతిమాలలేదు, దెప్పలేదు. తాడు సంచీ చేతికిచ్చి కింద బండ మీద కూర్చోబెట్టారు. వెనక ఒకాయన వాడి లైఫ్ జాకెట్ పట్టుకున్నాడు.

మా అమ్మాయి మొదటి అల దాటింది, రెండోదాంట్లో బోర్లాపడింది. మూడు దెబ్బలు వినిపించలేదు, ఆ హోరులో ఏం వినిపిస్తుంది! కానీ పడవ మీద చేతులు కనిపించాయి. బయటికొచ్చి, వెల్లకిలా తిరిగి, కాళ్ళు పైకెత్తి దిగువకి పెట్టింది. రాళ్ళ మధ్య పాదం ఇరుక్కోకుండా అలా తేలాలని నేర్పారు. ఆ కుర్రాడు తాడు విసిరాడు. సరిగ్గా దాని భుజం మీద పడింది. తాడుని భుజం మీదుగా వేసుకుని పట్టుకుంటే నదే తిప్పి ఒడ్డుకి చేర్చింది.

మర్నాడు మళ్ళీ ఫాల్స్‌కి వెళ్ళారు. ఆ కుర్రాడు ఈసారి కూడా దిగలేదు, తాడు సంచీ మాత్రం తనకే కావాలని ముందే అడిగి తీసుకున్నాడు. మా అమ్మాయి పడకుండా దాటింది. వచ్చే వేసవికి 1996 ఒలింపిక్ కయాక్ పోటీలు జరిగిన ఒకోయీ నదికి వెళ్దామంటోంది. పారే నీళ్ళలో రోల్, అంటే తిరగబడ్డ పడవని లోపల ఉండే తెడ్డుతో మళ్ళీ నిటారుగా లేపడం, గట్టిగా వచ్చాకే ఆ మాట అని ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది. అందుకని ఈ చలికాలం పూల్‌లో రోల్ క్లాసులకి పేరిచ్చాం, దానితోపాటు నేనూ చేరుతున్నాను.