వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలి?

మా పిన్ని కూతురు నర్సంపేటలో బీఏ పూర్తి చేసి, పీజీలో చేరడానికి పెట్టే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి, చరిత్రలో పరవాలేదనిపించే ర్యాంకు తెచ్చుకుంది. ఏ యూనివర్సిటీలో సీటు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా రాసిచ్చే వెబ్ ఆప్షన్ల గడువు ఇంకా రెండు రోజులు ఉందనగా రాత్రి పది గంటలకు ఫోన్ చేసి, "అక్కా, ఉస్మానియా ముందు పెట్టాల్నా, కాకతీయ ముందు పెట్టాల్నా? బాపు ఉస్మానియా అంటున్నడు, అమ్మ హనుమకొండ అంటున్నది, నాకైతే ఏం సమజైతలేదు" అని అడిగింది. నేను హనుమకొండలోని కాకతీయ యూనివర్సిటీలో చదివినదాన్ని, ఇప్పుడు ఆ ఊళ్లోనే ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతున్నదాన్ని కనుక, ఇక్కడికే రమ్మంటానని దానికి ముందే తెలుసు. తెలిసే అడిగిందని నా అనుమానం. అందుకే జవాబు చెప్పకుండా, "నువ్వు ఏం చదువుదామనుకుంటున్నవ్?" అని అడిగాను. "చరిత్రనే కదక్కా" అంది. "చరిత్రలో ఏది?" అన్నాను. ఫోన్‌లో కాసేపు మాట వినిపించలేదు.

నేను పీజీలో చేరిన 2016లో కాకతీయకు ఒక ప్రవేశ పరీక్ష, ఉస్మానియాకు మరొకటి ఉండేవి. ఇప్పుడు ఉస్మానియా నిర్వహించే ఒకే పరీక్షతో, ఒకే ర్యాంకుతో కాకతీయ, తెలంగాణ, శాతవాహన, మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీలలో కూడా సీటు వస్తుంది. పరీక్ష తగ్గింది గానీ నిర్ణయం మాత్రం విద్యార్థి నెత్తి మీదికే వచ్చింది. పై వరుసలో రాసిన ఆప్షన్‌కు ర్యాంకు అందిందంటే కింద రాసినవన్నీ ఆ విడతకు లెక్కలోకి రావు. "పెట్టి చూద్దాం, రాకపోతే పాయె" అని మొదటి వరుసలో ఏదో ఒకటి రాసిన పిల్లలకు అదే సీటు వచ్చి, నలుగురిలో కాదనలేక అక్కడే చేరి, దసరా సెలవులకు ముఖం వేలాడేసుకుని ఊరికి వచ్చిన సందర్భాలు నా విద్యార్థులలోనే చూశాను.

నేనూ ఒకప్పుడు అలాగే వచ్చాను. ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్‌లో చేరాలని ఇంట్లో అందరూ అనుకున్నారు, నేనూ కాదనలేదు. హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీని బాపూ, నేనూ ఒక ఆదివారం వెళ్లి చూశాం. అద్దాల భవనం, వరుసగా నిలబెట్టిన పసుపు బస్సులు, గేటు దగ్గర ఉద్యోగాలు వచ్చిన విద్యార్థుల ముఖాలతో నిలువెత్తు ఫ్లెక్సీ కనిపించాయి. ఆదివారం కాబట్టి క్లాసులు లేవు, ల్యాబులకు తాళాలు ఉన్నాయి. అక్కడ ఏం జరుగుతుందో చూడటానికి పోయి, ఏమీ జరగని రోజున ఆ భవనాన్ని చూసి వచ్చామన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. చేరిన రెండో నెలలోనే ఆ చదువు నాది కాదని తెలిసింది. ఏడాది చివర మానేస్తానంటే, మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. బాపు ఐదుసార్లు తిరిగి, ఎంతోకొంత కట్టి, నా పదో తరగతి, ఇంటర్ మెమోలు పాలిథీన్ కవర్‌లో పెట్టుకుని వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 అక్టోబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. మా చెల్లెకు ఈ సంగతి మొదటే చెప్పాను, ఎక్కడ చేరినా ఆ కాగితాలు ఇంటి బీరువాలోనే ఉండాలని.

ఆ దెబ్బ తిన్నాక, బీఏ చదివి పీజీకి వచ్చేసరికి నాకు కొంత తెలివి వచ్చింది. రెండు యూనివర్సిటీలకూ పనిరోజునే వెళ్లాను, అది కూడా మంగళవారం, పదకొండు గంటల వేళకు. సోమవారమైతే ఊళ్లకు పోయినవాళ్లు ఇంకా తిరిగి రారు, శుక్రవారమైతే పోవడానికి బ్యాగులు సర్దుకుంటూ ఉంటారు. డిపార్ట్‌మెంట్ వరండాలో ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చుని, గదుల్లో పాఠం వినిపిస్తోందా లేదా అని చెవి ఒగ్గాను. రెండో సంవత్సరం విద్యార్థులు కనిపిస్తే "ఇక్కడ ఎట్లుంటది?" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా "మంచిగనే ఉంటది" అనే చెబుతారు, తాము చేరిన చోటు మంచిది కాదని కొత్తవాళ్లతో ఎవరు చెప్పుకుంటారు? "నిన్న ఎన్ని క్లాసులు అయినయి? పోయిన సెమిస్టర్ ఫలితాలు ఎప్పుడొచ్చినయి? ప్రాజెక్టుకు ఏ సారు దగ్గర ఉన్నరు, ఎన్ని రోజులకోసారి కలుస్తరు?" అని అడిగాను. వీటికి ఎవరైనా అంకెలతో, పేర్లతో జవాబు చెప్పాలి. చెప్పలేక నవ్వితే అదీ ఒక జవాబే.

లైబ్రరీలో చేసిన ఒక పని గురించి మాత్రం ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను. ఈ రోజుల్లో ఏ యూనివర్సిటీ రీడింగ్ హాలుకు పోయినా గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు సొంత పుస్తకాలు తెచ్చుకుని చదివేవాళ్లతో కుర్చీలు నిండి ఉంటాయి. ఆ జనాన్ని చూసి అక్కడ చదువు బాగా సాగుతోందని గానీ, సాగడం లేదని గానీ అనుకోవడానికి లేదు. అందుకని నేను నా సబ్జెక్టు బీరువా దగ్గరకు వెళ్లి, కాకతీయుల కాలం మీద ఉన్న పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, వెనుక అట్ట లోపల అతికించిన చీటీ చూశాను. పుస్తకం ఎప్పుడెప్పుడు ఎవరికి ఇచ్చారో తెలిపే తేదీల ముద్రలు ఆ చీటీ మీద ఉంటాయి. హనుమకొండలో ఒక పుస్తకానికి మొదటి చీటీ నిండిపోయి, దాని మీదే రెండోది అతికించారు. అందులోని చివరి ముద్ర మూడు వారాల కిందటిది. ఇక్కడ నేను చదవాలనుకున్నది చదివే మనిషి మరొకరు ఉన్నారని ఆ ఊదా రంగు ముద్ర నాకు చెప్పినంత స్పష్టంగా ఏ ప్రాస్పెక్టస్ చెప్పలేదు.

పేరు సంగతి మా బాబాయి తరహాలో ఆలోచించేవాళ్ల కోసం చెబుతాను. ఉస్మానియా 1918 నాటిది, ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడానికి పుట్టినది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం మెట్ల మీద నిలబడితే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కాకతీయ దాని పీజీ సెంటర్‌గా మొదలై, 1976లో వేరు పడింది. ఆచార్య జయశంకర్ గారు ఉపకులపతిగా పనిచేసిన చోటు ఇది. రెండింటికీ చెప్పుకోదగ్గ గతం ఉంది. అయితే మెట్ల మీద ఒళ్లు పులకరించేది మొదటి వారమే. ఆ తరువాత మిగిలిన రెండేళ్లూ తెల్లవారి లేచి ఏ గదికి పోతాం, ఏం ముందు పెట్టుకుని కూర్చుంటాం అన్నదానితోనే గడుస్తాయి.

నేను ముందు పెట్టుకోవాలనుకున్నవి శాసనాలు. అలాంటిదానికి హనుమకొండ కంటే మంచి చోటు ఏముంటుంది? కేయూ, అంటే కాకతీయ యూనివర్సిటీ, క్రాస్ రోడ్డు దగ్గర ఆటో ఎక్కితే కాసేపట్లో వేయి స్తంభాల గుడి. కాకతీయ రాజు రుద్రదేవుడు స్వతంత్ర పాలకుడిగా వేయించిన 1163 నాటి శాసనం అక్కడే ఉంది. పద్మాక్షి గుట్ట ఎక్కితే గుడి ముందర 1117 నాటి నల్లరాతి స్తంభం నాలుగు ముఖాలా అక్షరాలతో నిలబడి ఉంటుంది. క్లాసులో మధ్యాహ్నం చదివిన వాక్యాన్ని సాయంత్రం రాతి మీద వేలితో చూపించి చదవగలిగిన చోటు నాకు మరొకటి తెలియదు.

ఒక శనివారం మా సారు మమ్మల్ని ఏడుగురిని ములుగు వైపు ఒక ఊరికి తీసుకెళ్లి, చెరువు కట్ట పక్కన సగం భూమిలో కూరుకున్న శాసనానికి నకలు తీయడం నేర్పించారు. ముందు రాయిని నీళ్లు పోసి కొబ్బరి పీచుతో కడిగాం. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో అక్షరాల గాడిలోకి దిగేదాకా తట్టాం. గట్టిగా తడితే కాగితం చిరుగుతుంది, మెల్లగా తడితే అక్షరం రాదు. నేను రెండు కాగితాలు చింపాను. మూడో దాని మీద, సగం ఆరాక, సిరా అద్దిన గుడ్డ మూటతో పైపైన అద్దుతూ పోతే, నల్లని కాగితం నడుమ తెల్లగా "స్వస్తి" అన్న మాట పైకి తేలింది. మాకు బకెట్, నీళ్లు ఇచ్చిన ముసలాయన అప్పటిదాకా వేపచెట్టు కింద కూర్చుని చూస్తున్నాడు. దగ్గరకు వచ్చి, "మా తాతల కాడి నుంచి బర్లను కట్టేసిన రాయి ఇది, ఏమున్నదో చెప్పి పోండ్రి" అన్నాడు. ఆ చెరువు కింద గుడికి ఇచ్చిన భూమి లెక్క అందులో ఉందని సారు చదివి చెబితే, "ఆ భూమి ఎవరి దిక్కు పోయిందో గూడ రాసిండ్రా?" అని అడిగాడు. దానికి సారు దగ్గర కూడా జవాబు లేదు. ఇంజినీరింగ్ కాలేజీలో ఏడాదంతా ఒక్కనాడూ రాని తృప్తి ఆ రోజు మోకాళ్ల దాకా బురదతో బస్సు ఎక్కినప్పుడు వచ్చింది.

అలాగని ఇదంతా చరిత్ర చదివే ప్రతి ఒక్కరికీ వర్తించదు. నా డిసర్టేషన్‌లో ఒక చెరువు పన్నుల విషయం నిజాం కాలం దాకా సాగింది. ఆసఫ్‌జాహీ పాలన నాటి దస్త్రాలు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఉస్మానియాకు అది పక్కనే. నేను మాత్రం కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, సిటీ బస్సు పట్టుకుని, చీటీ రాసిచ్చి, దస్త్రం వచ్చేదాకా ఎదురుచూసి, తీరా వచ్చాక చూస్తే అది ఉర్దూలో ఉంది. అలిఫ్, బే కూడా రాని నేను ఆ గొలుసు రాతను చాలాసేపు చూసి, తేదీలు మాత్రం పోల్చుకుని, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చాను. ఉస్మానియాలో చేరిన నా స్నేహితురాలు హాస్టల్ నుంచి నడిచి అక్కడికి పోయేది, వారానికి రెండు రోజులు ఉర్దూ నేర్చుకునేది. ఆధునిక కాలం మీద పనిచేయదలచినవాళ్లు అక్కడే చేరాలని ఆ రోజు రైల్లో నిలబడి వస్తున్నప్పుడు ఏ సందేహం లేకుండా అనుకున్నాను.

ఇంటికి దగ్గర అన్నది మా పిన్ని చెప్పే కారణం. అందులో నిజం లేకపోలేదు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక నర్సంపేట నుంచి రోజూ వచ్చిపోవడానికి ఖర్చు కూడా కాదు. కానీ దగ్గరగా ఉండటంలో ఒక చిక్కుంది. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా, ఏ బోనాలు వచ్చినా "ఇక్కడిక్కడనే కదా" అని పిలుపు వస్తుంది. మొదటి సెమిస్టర్‌లో నేను పోయిన ఫంక్షన్ల లెక్క తీస్తే క్లాసుల లెక్కతో పోటీ పడేది. బస్సులో పోయే రెండు పూటల అలసట వేరే. అందుకే, కాకతీయలో చేరినా హాస్టల్‌లోనే ఉండమని, మెస్ పప్పు నీళ్లలా ఉంటే ఇంటి నుంచి ఆవకాయ సీసా తెచ్చుకోమని మా చెల్లెకు చెప్పాను. దీనికి పిన్ని నా మీద రెండు రోజులు అలిగింది.

మళ్లీ ఆ రాత్రి ఫోన్ దగ్గరకు వస్తాను. కాసేపు ఊరుకున్న తరువాత మా చెల్లె, "తాత పనిచేసిన మిల్లు మీద రాద్దామని ఉన్నదక్కా" అని మెల్లగా అంది. దాని తాత, అంటే బాబాయి వాళ్ల నాన్న, వరంగల్ ఆజంజాహీ మిల్లులో నేత ఖాతాలో పనిచేసి దిగిపోయిన మనిషి. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు ఎప్పుడో మూతపడింది. సైరన్ కూత విని ఊరు పొద్దు లెక్కబెట్టుకునేదని తాత చెబుతుంటే మేము చిన్నప్పుడు చెవులప్పగించి వినేవాళ్లం. ఇన్నేళ్లూ అది ఆ కథల్ని దాచిపెట్టుకుందని నాకు తెలియదు.

అప్పుడు నేను నా సిద్ధాంతం ప్రకారం, మిల్లు నిజాం కాలం నాటిది కనుక దస్త్రాలు తార్నాకలో వెతకాలి, ఉర్దూ నేర్చుకోవాలి, కాబట్టి ఉస్మానియా ముందు పెట్టమని చెప్పాను. కాకతీయలో చదివినదాన్ని ఉస్మానియా వైపు మొగ్గుతున్నానని నాలో నేనే కొంచెం గర్వపడ్డాను కూడా. అది అంతా విని "సరే అక్కా, రేపు మంగళారమే కదా, పోయి చూసొస్త" అంది.

చూసి రావడానికి పోయింది మాత్రం ఉస్మానియాకు కాదు. పొద్దున బస్సుకు కేయూకు వచ్చి, డిపార్ట్‌మెంట్‌లో కార్మికుల చరిత్ర మీద ఎవరైనా పని చేయిస్తారా అని అడిగి, ఒక మేడం పేరు రాసుకుని, అక్కడి నుంచి తాతతో కలిసి మిల్లులో పనిచేసిన ఒకాయన ఇంటికి పోయి రెండు గంటలు కూర్చుందట. ఆ రాత్రి ఆప్షన్ల జాబితా ఫొటో తీసి పంపింది. మొదటి వరుసలో కాకతీయ, రెండో వరుసలో ఉస్మానియా ఉన్నాయి. ఎందుకని అడిగితే, "తాత దోస్తులు ముగ్గురే మిగిలిండ్రు అక్కా, ఒకాయనకు ఇప్పటికే చెవులు వినిపిస్తలేవు. కాగితాలు తార్నాకల ఉంటయి, పీహెచ్‌డీకి పోయినప్పుడు చూస్త" అంది.

దానికి నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది. ఉర్దూ మాత్రం ఇప్పటి నుంచే మొదలుపెట్టమన్నాను. మా కాలేజీలో ఉర్దూ చెప్పే సారు ఆదివారాలు ఇంటి దగ్గర నేర్పుతారు. ఈసారి ఇద్దరం కలిసి పోవాలని అనుకున్నాం.