పరవాడ దాకా పోయి తోసిన స్విచ్

పొద్దున్నే విజయవాడలో రత్నాచల్ ఎక్కి దువ్వాడలో దిగాను. స్టేషన్ బయట ఆటోవాడు పరవాడకి ఆరు వందలన్నాడు. మా బెంజి సర్కిల్లో ఆ రేటు చెబితే నవ్విపోతారు. పంతం పట్టి షేర్ ఆటోల్లో కూర్మన్నపాలెం, లంకెలపాలెం మారుకుంటూ వెళ్ళాను. చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళే. మాది మాడ్చే ఎండ, వైజాగ్‌ది ఉడకబెట్టే ఎండ.

నన్ను రిపేరుకి పిలిచిన ఫ్యాక్టరీ పేరు వద్దులెండి. కంట్రోల్ రూమ్‌లో మెషీన్లని నడిపే కంప్యూటర్ పీఎల్‌సీ, షెడ్ల వెంబడి దానికీ మెషీన్లకీ మధ్య సిగ్నళ్ళు చేరవేసే ఆరు రిమోట్ ఐఓ ప్యానెళ్ళు, వాటిని వరసగా కలుపుతూ డేటా మోసే ఊదారంగు ప్రొఫీబస్ కేబుల్. మూడో ప్యానెల్ దాకా బాగానే ఉంది, ఆ తర్వాతవేవీ పీఎల్‌సీకి కనబడటం లేదు. లైన్లో తేడా ఉందని చెప్పే బీఎఫ్ లైటు ఎర్రగా వెలుగుతోంది. 1.5 ఎంబీపీఎస్ స్పీడులో ఒక సెగ్మెంట్, అంటే ఒకే వరస కేబుల్, 200 మీటర్లు దాటకూడదు కదా, దాటేశారేమోనని 187.5 కేబీపీఎస్‌కి తగ్గించాను. దానికైతే 1000 మీటర్ల దాకా పోవచ్చు. ఏం మారలేదు. ప్యానెళ్ళ అడ్రసులు చూశాను, కేబుల్ షీల్డు చూశాను. రాత్రి గాజువాక లాడ్జిలో కళ్ళు మూస్తే ఆ ఎర్ర లైటే.

మర్నాడు టీ దగ్గర, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ అక్కడి ఎలక్ట్రీషియన్ అడిగాడు: "మూడో డబ్బాలో మొన్న కనెక్టర్ మార్చేరు. అది చూసారేటి బాబూ?"

ఆ మార్చిన సంగతి ఫోన్లో నాకొక్కరూ చెప్పలేదు! వెళ్ళి తలుపు తీశాం. కనెక్టర్ మీద గోరంత టెర్మినేషన్ స్విచ్, ఆన్‌లో ఉంది. కొసకి పోయిన సిగ్నల్ తిరిగి వెనక్కి కొట్టకుండా ఉండటానికి లైనుకి రెండు కొసల్లోనే దాన్ని ఆన్ చేయాలి. మధ్యలో ఆన్ చేస్తే ఈ రకం కనెక్టర్ అవతలికి పోయే కేబుల్‌ని విడగొట్టేస్తుంది. అంటే మూడో డబ్బా తనే ఆఖరుదాన్నని కూర్చుంది. స్క్రూడ్రైవర్ కొసతో తోశాను. టిక్కుమంది. నాలుగు, అయిదు, ఆరు వరసగా లైన్లోకొచ్చాయి.

"నిన్ననే చెప్పొచ్చు కదా బాబాయ్?"

"అడిగినోడేడి?"

రిపోర్టులో రాసింది రెండు లైన్లు. సూపర్‌వైజర్ చదివి, "ఇంతేనా?" అంటూ సంతకం పెట్టాడు. సముద్రం వైపు పోనేలేదు. గేటు బయట ఆటోవాడు దువ్వాడకి ఆరు వందలన్నాడు. మాట్లాడకుండా ఎక్కేశాను.