వీడియో కింద కామెంట్లే నా బీటు

విశాఖ గాజువాకలో లారీ బోల్తా పడితే, మా పేపరుకి అక్కడి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ ఫోన్ చేసేలోపే వాట్సాప్‌లో వీడియో తిరిగేస్తోంది. పోలీసులకో గ్రూపు, విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకో గ్రూపు, పార్టీకో గ్రూపు. ప్రెస్‌నోటు అందరికీ ఒకేసారి పడుతుంది కాబట్టి మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే ఐటమ్, ఒక్కోసారి అచ్చుతప్పులతో సహా. ఆ గ్రూపులంటే నాకు పెద్ద గౌరవం లేదు.

విలేకరిగా నాకు పనికొచ్చేవి, నేను వార్తలు వెతుక్కునే 'బీటు', ఫేస్‌బుక్ వీడియోల కింద కామెంట్లే. 'ఇది మా వీధే, రాత్రి నుంచి కరెంటు లేదు' అని ఎవరో ఒక ముక్క రాసి పోతారు. ఆయనకి మెసేజ్ పెట్టి, నంబరు తీసుకుని మాట్లాడితే లైన్‌మన్ ఎప్పుడొచ్చాడో, ఏమన్నాడో అన్నీ చెప్తాడు. ఆ తర్వాత ఆఫీసరు వివరణ కోసం ఫోన్ చేస్తే, 'చూస్తున్నామండీ' అని తప్పించుకోవడం ఆయనకి కుదరదు.

తుపాను రోజుల్లో చూడాలి మా అవస్థ. వాయుగుండం అనగానే 'ఆర్కే బీచ్‌లో సముద్రం రోడ్డెక్కేసింది' అని ఓ వీడియో దిగుతుంది. వెంటనే ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు నుంచి ఫోన్: 'ఏమండీ, మన దగ్గర లేదేంటి?' నేను వీడియో ఆపి, పెద్దది చేసి బళ్ల నంబర్లు చూస్తాను. ఏపీ 31 అయితే పాత విశాఖ బండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఇవ్వడం మొదలెట్టాక కొత్త బండిని బట్టి ఊరు చెప్పలేం. అప్పుడిక షాపు బోర్డులే గతి. మొన్నొక దాంట్లో ఒడ్డున లాగిన బోటు మీద 'ఐఎన్‌డీ-టీఎన్' అని కనబడింది. తమిళనాడు బోటు! ఆ ముక్క వరకే స్క్రీన్‌షాట్ తీసి పంపాను. డెస్కు మళ్లీ మాట్లాడలేదు.

ఫొటోలైతే, తీసినవాళ్లనే పట్టుకుని డాక్యుమెంట్‌గా పంపమంటాను. మామూలుగా పంపితే ఎప్పుడు తీశారన్న వివరం వాట్సాప్‌లోనే రాలిపోతుంది.

2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి కదా, నిప్పు పెట్టింది ఫలానా యూట్యూబరే అని ఊరంతా ఫోన్లలో తేల్చేసింది. పోలీసులు అతన్ని ప్రశ్నించారు కూడా. చివరికి అరెస్టయింది వేరేవాళ్లు. ఆ పేరు వాడేసిన యూట్యూబ్ ఛానెల్ వాడైతే వీడియో పైబొమ్మ, థంబ్‌నెయిల్, మార్చేసి ఊరుకుంటాడు. అచ్చయిన పేరుని నేనెలా మార్చను?

ఇది చాలదన్నట్టు ఇప్పుడు మాకు వెబ్ డెస్కు కూడా వచ్చింది. వార్త తర్వాత, ముందు క్లిప్ కావాలంటారు, అదీ ఫోన్ నిలువుగా పెట్టి తీసింది. మా ఫొటోగ్రాఫర్ మాత్రం ఎన్నిసార్లు చెప్పినా అడ్డంగానే తీస్తాడు.