బండి కడిగేటప్పుడు నీళ్లు ఎక్కడ పోయాలి, ఎక్కడ పోయకూడదు

నల్లరంగు బైకు పెట్రోల్ ట్యాంకును ఎండలో పెట్టి చూస్తే సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి చాలావరకు రోజూ పొద్దున పొడిగుడ్డతో తుడిచినందుకు పడ్డవే. గుడ్డ కింద ఇసుక రేణువు ఒక్కటున్నా రంగును గీరేస్తుంది. అందుకే ముందు నీళ్లు, ఆ తర్వాతే గుడ్డ.

బండి ఆపి కనీసం అరగంట చల్లారనివ్వండి. కాలుతున్న సైలెన్సర్ మీద చన్నీళ్లు పడితే మరకలు మిగులుతాయి. నీడలోనే కడగాలి, ఎండలో షాంపూ పొరగా ఆరిపోతుంది. సైలెన్సర్ మూతికి పాలిథిన్ కవరు, రబ్బరు బ్యాండు వేయండి. స్టార్ట్ చేసే ముందు తీయడం మరవకండి.

మొదటి పని చైన్. చివరికి వదిలేస్తే ఆ జిడ్డు కడిగిన చక్రం మీదే చిందుతుంది. మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా గేర్‌లో తిప్పి చైన్ తుడిస్తే వేళ్లు స్ప్రాకెట్‌లో (చైన్ తిరిగే పళ్ల చక్రంలో) పడతాయి, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. చిన్న గిన్నెడు కిరోసిన్, ఒక పాత టూత్‌బ్రష్ చాలు. పెట్రోల్ మాత్రం వద్దు: నిప్పు భయం ఒకటి, ఓ-రింగ్ చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులుండేది) అయితే ఆ రబ్బరు పాడవడం ఇంకొకటి. ఇనుప బ్రష్ కూడా ఆ రింగులను కోసేస్తుంది. డిస్క్ బ్రేక్ ఉంటే దాని మీద పాత పేపరు కప్పండి, జిడ్డు అంటితే బ్రేక్ జారుతుంది.

తర్వాత నల్లా ట్యూబుతో పైనుంచి కిందికి నీళ్లు పట్టండి. మడ్‌గార్డు లోపల అతుక్కున్న నల్లరేగడి పీకితే రాదు, పది నిమిషాలు నాననివ్వాలి. ప్రెషర్ వాషర్ వాడేవాళ్లు చక్రాల ఇరుసులు, హ్యాండిల్ కింది కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), స్విచ్‌లు, తాళం రంధ్రం దగ్గర దూరం పాటించండి. అక్కడి గ్రీజు నీటి ఒత్తిడికి బయటికొస్తే బేరింగులు తుప్పుపడతాయి.

షాంపూ కార్లకు వాడేదే తీసుకోండి. బట్టల పౌడరు, గిన్నెల సబ్బు మురికితో పాటు మైనం పూతను కూడా ఎత్తుకుపోతాయి. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే మంచినీళ్లు. ట్యాంకు, సైడ్ ప్యానెళ్లకు ఒక మైక్రోఫైబర్ గుడ్డ, చక్రాలకు, ఇంజిన్‌కు వేరే గుడ్డ. కింద పడ్డ గుడ్డను మళ్లీ ట్యాంకు మీద పెట్టకండి.

మన ఊళ్లలో అసలు పేచీ బోరు నీళ్లతో. ఆరగానే తెల్లటి సున్నపు చుక్కలు తేలతాయి. ఆర్.ఓ. ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు పారబోయడం ఎందుకని బండికి వాడేవాళ్లున్నారు. వాటిలో లవణాలు బోరు నీళ్ల కంటే ఎక్కువ, మచ్చలూ ఎక్కువే. చివరి బకెట్టు మట్టుకు మున్సిపల్ నీళ్లో, వాన నీళ్లో పోసి, ఆరకముందే పొడి మైక్రోఫైబర్‌తో అద్దండి. పాత చుక్కలకు వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిచి వెంటనే కడిగేయాలి.

మ్యాట్ రంగు (మెరుపు లేని రంగు) బండికి మైనం, పాలిష్ వద్దు. రుద్దినచోట మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు. దసరాకు తడి కుంకుమ పెట్టేవాళ్లు ట్యాంకు వదిలేసి నంబర్ ప్లేటుకు పెడితే మరక రుద్దే తంటా ఉండదు. సీటుకు, టైరు నేలకు ఆనే భాగానికి మెరుపు ద్రవాలు పూయకండి, రెండూ జారతాయి.

పెట్రోల్ మూత తెరిచే ముందు చుట్టూ తుడవండి. చాలా బళ్లలో మూత అంచున నీళ్లు దిగే చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడుకుపోతే నిలిచిన నీళ్లు ట్యాంకులోకి దిగి, బండి మొరాయిస్తుంది.

చైన్ పూర్తిగా ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్‌నో, చైన్ స్ప్రేనో లోపలి వైపు వేయండి, తిరిగేటప్పుడు అది బయటికి పాకుతుంది. పావుగంట ఆగి మిగులు ఆయిల్ తుడిచేయండి. లేదంటే దుమ్ము పట్టి గరుకు ముద్దవుతుంది. అప్పుడే చైన్ వదులు చూడండి, చాలా బళ్లకు 20 నుంచి 35 మి.మీ. మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి.

ఇక సైలెన్సర్ కవరు తీసి, వీధి చివరిదాకా నెమ్మదిగా నడుపుతూ రెండు బ్రేకులూ నాలుగైదు సార్లు మెల్లగా నొక్కండి. బ్రేక్ డ్రమ్ములో నీళ్లు చేరి ఉంటే మొదట బ్రేక్ పట్టదు. పట్టు వచ్చాకే మెయిన్ రోడ్డు ఎక్కండి.