రెండు ఫారాలు, ఒక మంగళవారం

రాత్రి కాన్పు కేసు ఏదీ రాలేదు. పాలకొల్లులో నర్సింగ్ హోమ్ నడిపే మనిషికి అది డైరీలో రాసుకోదగ్గ సంగతే. ఐదింటికి దానంతట అదే మెలకువ వచ్చింది. కాఫీ కలుపుకుని, సొరుగులో ఎప్పటినుంచో పడి ఉన్న రెండు ఫారాలు తీసి టేబుల్ మీద పరిచాను. ఒకటి విశాఖపట్నంలోని గోల్ఫ్ క్లబ్బుది, రెండోది హైదరాబాదులో ఒక క్లబ్బుది. రెండూ వేరే ఊళ్లో ఉండేవాళ్లకిచ్చే అవుట్‌స్టేషన్ మెంబర్‌షిప్‌కే. ఈ రోజు ఏదో ఒకటి తేల్చెయ్యాలి, లేకపోతే రెండూ మళ్లీ సొరుగులోకే పోతాయి.

నాకు గోల్ఫ్ అంటింది మస్కట్‌లో. అక్కడి ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో ఇసుక కోర్సులో నేర్చుకున్నాను. గడ్డి అన్నమాటే లేదు. చిన్న పచ్చటి చాప ముక్క ఒకటి చంకలో పెట్టుకుని తిరిగేవాళ్లం. బంతి పడ్డచోట ఆ ముక్క పరిచి, దాని మీద బంతి పెట్టి కొట్టడం, మళ్లీ చాప తీసుకుని నడవడం. చివరికి బంతి వెయ్యాల్సిన హోల్ చుట్టూ ఉండే చదును కూడా నూనె కలిపిన ఇసుకే, అందుకే దాన్ని గ్రీన్ అనకుండా బ్రౌన్ అనేవాళ్లు. ఎండకి మొహాలు కూడా అదే రంగులోకి వచ్చేవి. ఆ తర్వాత నిజం గడ్డి మీద ఆడిన మొదటిరోజు, కాళ్లకింద అంత మెత్తగా ఉంటే తప్పు చేస్తున్నట్టే అనిపించింది.

ఇక్కడికి వచ్చేశాక ప్రాక్టీసుకి మా మకాం దగ్గరి కొబ్బరితోట ఉంది, కోతలయ్యాక వరి చేలున్నాయి. మొదటి పంట సార్వా మాసూళ్లు అయిపోయి రెండో పంట దాళ్వా దమ్ముకి నీళ్లు పెట్టేలోగా దొరికే ఆ కొద్ది రోజులే నా సీజను. సెవెన్ ఐరన్ అనే కర్రతో కొడితే బంతి మోళ్ల మధ్య ఇరుక్కుంటుంది, కాస్త పక్కకి పోతే బోదెలో పడుతుంది. తోట చూసే కుర్రాడు బంతులు వెతికిపెట్టడానికి రేటు పెట్టుకున్నాడు. చేలో దొరికితే ఒక రేటు, బోదెలో దిగి తీస్తే డబుల్. కొన్ని వాడే తోసేస్తున్నాడేమోనని నాకు అనుమానం.

డెల్టాలో గోల్ఫ్ కోర్సు ఎందుకు లేదో మా వారు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పద్దెనిమిది హోల్స్ కోర్సుకి వందెకరాల పైనే కావాలని నేను చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలి. "వందెకరాల్లో గడ్డి పెంచి, కోసి, గేదెలకి కూడా వెయ్యరా?" అన్నారు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్లు పారాక, ఇక్కడ సెంటు నేల ఖాళీగా ఉంచాలంటే ఎవరికీ మనసొప్పదు. దాళ్వాకి ఎకరానికి నలభై బస్తాలు దాటే భూమి ఇది. వరి కాదంటే రొయ్యల చెరువు, అదీ కాదంటే కొబ్బరి. వానాకాలంలో గునపం దించితే చాలు నీళ్లు ఊరతాయి. ఇక్కడ కోర్సు పెట్టమని నేనూ అడగను. ఆట కావాలంటే ఊరు దాటాలి, అంతే.

ఓపీకి పదింటికి వెళ్లాను. చేలల్లో మిషన్లు తిరుగుతున్న రోజులు కదా, పేషెంట్లు తక్కువ. బంగాళాఖాతంలో మళ్లీ ఏదో వాయుగుండం అని టీవీలో చెప్పినప్పటి నుంచి కడుపులో నొప్పి ఉన్నవాళ్లు కూడా ధాన్యం ఎత్తాకే వస్తామంటున్నారు. మధ్యలో ఖాళీ దొరికి హైదరాబాద్ క్లబ్బు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తిన ఆయన ఓపిగ్గానే చెప్పాడు. అవుట్‌స్టేషన్ అంటే ఊరికి ఇంత దూరంలో ఉంటున్నట్టు అడ్రస్ ప్రూఫ్ చూపించాలి. రేపు కాపురం హైదరాబాదుకి మారిస్తే తేడా కట్టి మామూలు మెంబరుగా మారాలి. ఏడాదిలో ఇన్ని రోజులే ఆడాలని పరిమితి ఉంటుంది. ఓటు ఉండదు. ఓటు నాకెందుకు గానీ, రోజుల పరిమితి విని నవ్వొచ్చింది. ఆ పరిమితిలో సగం ఆడే తీరిక దొరికితే అంతకంటే ఏం కావాలి?

ఫారంలో మాత్రం ఒక గడి దగ్గర ఆగిపోయాను. "దరఖాస్తుదారుని భార్య పేరు" అని ఉంది. భర్త పేరుకి గడి లేదు. పొరపాటున మిగిలిన పాత ఫారం అయ్యుంటుందిలే అని ఫోన్‌లో అడిగితే, "భార్య అన్నది కొట్టేసి పైన భర్త అని రాయండి మేడమ్" అన్నాడు. రాయొచ్చు. లక్షలు పోసి చేరేచోట మొదటి పేజీలోనే కొట్టివేతతో మొదలుపెట్టడం ఎందుకో ఇష్టం లేకపోయింది. చాలా క్లబ్బుల్లో మెంబర్‌షిప్ మొగుడి పేరు మీద, ఆడవాళ్లు డిపెండెంట్లుగా నడిచిపోతుంటారు. ఆడే ఆడవాళ్లలో చాలామంది అలాగే ఆడుతుంటారు కూడా. మస్కట్‌లో నా ఇద్దరు స్నేహితురాళ్లకి హ్యాండిక్యాప్, అంటే ఆటలో స్థాయి చెప్పే అంకె, మొగుళ్లకంటే మంచిది, కార్డు మాత్రం మొగుళ్లదే.

మధ్యాహ్నం భోంచేశాక కాగితం మీద లెక్క వేశాను. ఎంట్రన్స్ ఫీజు లెక్క కోసం నాలుగు లక్షలు అనుకున్నాను. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉండనే ఉంది. ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం. ఏడాదికి పది రౌండ్లు ఆడితే పదేళ్లకి వంద. అంటే కోర్సులో కాలు పెట్టకముందే రౌండుకి నాలుగు వేలు. ఆపైన ఏటా సబ్‌స్క్రిప్షన్, బ్యాగు మోసే కేడీకిచ్చే డబ్బులు, ప్రయాణం. గెస్టుగా వెళ్లి గ్రీన్ ఫీ కట్టుకుని ఆడుకోవడమే చవక కావచ్చు. అవుట్‌స్టేషన్ వాళ్లకి చవకగా ఇస్తున్నారని ఎంట్రన్స్ ఫీజు చూసి మురిసిపోయేవాళ్లు ముందు ఈ భాగహారం చేసుకోవాలి.

అయినా మెంబర్‌షిప్పే కావాలని ఎందుకంటున్నానంటే, గెస్టుగా ఆడాలంటే ప్రతిసారీ ఒక మెంబరుకి తీరిక ఉండాలి. ఆ మెంబరు రాలేకపోతే నా ప్రయాణం రద్దు. రెండోది హ్యాండిక్యాప్. 2020 నుంచి ప్రపంచమంతా ఒకటే పద్ధతి. చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 తీసుకుని లెక్క కడతారు. మొదలుపెట్టడానికి 54 హోల్స్, అంటే మూడు రౌండ్ల స్కోర్లుంటే చాలు, కానీ అవి ఎక్కించడానికి ఒక క్లబ్బు ఉండాలి. ఏడాదికి పది రౌండ్లాడే నాకు ఇరవై నిండడానికి రెండేళ్లు. నిండనీ. వరి చేలో కొట్టిన షాట్లకి మాత్రం ఎవరూ స్కోరు కట్టరు. మూడోది, ఒక క్లబ్బులో మెంబరైతే వాళ్లతో ఒప్పందం ఉన్న వేరే ఊళ్ల క్లబ్బుల్లో కూడా ఆడనిస్తారు. ఆ జాబితా నేను రెండు క్లబ్బులనీ అడిగి తెప్పించుకున్నాను. ఏ ఊళ్లో చేరినా రెండో ఊరి తలుపు పూర్తిగా మూసుకుపోదని అప్పుడు తెలిసింది.

ఇక ఏ ఊరు? మ్యాపు చూస్తే విశాఖే. ఇక్కడి నుంచి రాజమండ్రి దాటి హైవే ఎక్కి వెళ్తే దాదాపు రెండొందల యాభై కిలోమీటర్లు, అయిదు గంటల కారు. కానీ రైలు టైమ్‌టేబుల్ చూస్తే హైదరాబాదే దగ్గర. నరసాపురంలో సాయంత్రం బయలుదేరే బండి పాలకొల్లులోనే ఎక్కి పడుకుంటే పొద్దున్న లింగంపల్లిలో దిగడమే. గోల్ఫ్ బ్యాగు లోయర్ బెర్తు కింద సరిగ్గా పడుతుంది, అడ్డంగా పెడితే. బ్యాగు అక్కడే వదిలేయడానికి లాకరు ఉందా అని అడగడం దూరం నుంచి వెళ్లే ఎవరికైనా మొదటి ప్రశ్న కావాలి. నేను గ్రీన్ల గురించి అడిగి ఇది చివర్లో అడిగాను.

ఆటకైతే హైదరాబాదు అందం వేరు. గోల్కొండ నయా ఖిలాలో గెస్టుగా ఆడినప్పుడు కోట గోడల పక్కన, ఆ బ్రహ్మాండమైన హతియాన్ ఝాడ్ దగ్గర నిలబడి నేను కొట్టాల్సిన షాటే మర్చిపోయాను. ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టు అది, మానులో మనుషులు పట్టేంత ఖాళీ ఉంటుంది. గచ్చిబౌలి వైపు కోర్సులో రాళ్లగుట్టల మధ్య నుంచి కొట్టాలి. నా బంతి ఒక రాయికి తగిలి వెనక్కొచ్చి నా ముందే పడింది. విశాఖ కోర్సు ముడసర్లోవ దగ్గర కొండల నడుమ ఉంటుంది. అంత ఆర్భాటం ఉండదు. నడవడానికి బాగుంటుంది.

పైగా హైదరాబాదులో మా అమ్మాయి ఉంది, మనవడున్నాడు. అందరూ అదే కారణంగా హైదరాబాదే అంటున్నారు. అత్తయ్యగారైతే, "క్లబ్బుకని కాకపోయినా పిల్లాణ్ణి చూసినట్టుంటుందమ్మా" అన్నారు. నేను అక్కడ చేరకూడదని నిర్ణయించుకున్నది సరిగ్గా ఆ మాట దగ్గరే. లింగంపల్లిలో దిగాక మనవడు మెడకి చుట్టుకుంటే, మర్నాడు పొద్దున్నే ఐదింటికి బ్యాగు భుజాన వేసుకుని వాడు లేవకముందే వెళ్లిపోతానా? వెళ్లను. అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టి ఉంటుంది, ఏదో వండమంటుంది, ఎవరింటికో పోదామంటుంది. అవన్నీ నాకూ కావాలి. కానీ ఏడాదికి సబ్‌స్క్రిప్షన్ కట్టి మనవణ్ణి చూడక్కర్లేదు, వాణ్ణి ఉచితంగానే చూడొచ్చు. ఊరుగాని ఊళ్లో మెంబర్‌షిప్ తీసుకునేవాళ్లు "అక్కడ మనవాళ్లున్నారు" అని లెక్కలో కలుపుతారు. నేను తీసివేశాను.

విశాఖలో నాకున్నది ఆంధ్రా మెడికల్ కాలేజీ బ్యాచ్‌మేట్, అనెస్థటిస్టు. దానికి నేనొచ్చినా రాకపోయినా ఒకటే, దాని దారిన అది ఆడుతూనే ఉంటుంది. సాయంత్రం ఫోన్ చేస్తే విషయం పూర్తిగా విననే లేదు. "ఏమే, ఇన్నాళ్లు ఏ ముహూర్తం కోసం చూశావు? ఫారం పంపు, ప్రపోజరుగా నేను సంతకం పెడతాను. బలపరిచే సెకండరుకి ఇంకొకావిడ ఉంది, ఆవిడ కూడా డాక్టరే" అంది. ముహూర్తం మాట నిజమే. పంతులు గారు రాసిచ్చిన టైముకే సిజేరియన్ కావాలని వచ్చేవాళ్లు నా క్యాలెండరు నాకంటే ముందే నింపేస్తారు. నేను ఊరెళ్తే నర్సింగ్ హోమ్ చూసుకునే జూనియర్ డాక్టరమ్మాయి ఒప్పుకుంది, వాళ్ల నాన్నగారి ఊరు వెళ్లాల్సిన రోజులు మాత్రం ముందే చెప్తానంది.

రాత్రి మా వారు చేలోంచి వచ్చాక ఫారం చూపించాను. కాళ్లు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ధాన్యం రసీదు చదివినంత శ్రద్ధగా చదివారు. విశాఖ ఫారంలో భర్త, భార్య అని లేదు, స్పౌస్ అని ఉంది. దాని పక్కన డిపెండెంట్ అని.

"అంటే నేను నీ డిపెండెంటునా?"

"క్లబ్బు వరకూ అంతేనండీ."

"సంతకం నేనూ పెట్టాలా?"

"అక్కర్లేదు, ఫొటో ఇస్తే చాలు."

కాసేపు ఆలోచించి, అక్కడ భోజనం బాగుంటుందా అని అడిగారు. కార్డుంటే ఆయన కూడా తినొచ్చని చెప్పాను. దాళ్వా ఊడ్పులయ్యాక ఒకసారి వస్తానన్నారు. ఆ వందెకరాల గడ్డి ఒకసారి చూడాలట.

పడుకోబోయే ముందు బ్యాచ్‌మేట్ నుంచి మెసేజ్ వచ్చింది. వాళ్ల నలుగురి బృందంలో ఒకావిడ అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, ఆ ఖాళీ నాకే ఉంచుతారట, కానీ వాళ్లు ఆడేది బుధవారాలు. మా దగ్గర స్కానింగ్ రోజు బుధవారం, నరసాపురం నుంచి ఆచంట దాకా అందరికీ అదే అలవాటు. సిస్టర్‌కి చెప్పాను, వచ్చే నెల నుంచి స్కానింగులన్నీ గురువారానికి రాయమని. గేటు దగ్గర బోర్డు మార్చడానికి పెయింటరుకి కబురు పంపాను. ఎల్లుండి వస్తానన్నాడట.